రీమాస్టర్ చేసిన ఐఎస్‌ఓ సీడీగా బూట్ అవుతోంది, పెన్‌డ్రైవ్‌లో అవ్వడం లేదు. ఎందుకు?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెబుతాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. కాలేజీ ల్యాబ్‌లో సిస్టమ్‌లన్నిటికీ డెబియన్ 12 ఎక్కించాలి. ప్రతి సిస్టమ్ ముందూ కూర్చుని భాష, టైమ్‌జోన్, పాస్‌వర్డ్ నింపే పని తప్పించుకోవడానికి ప్రీసీడ్ ఫైల్ (ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలకి జవాబులు ముందే రాసి ఉంచే ఫైల్) రాసుకున్నారు. నెట్‌ఇన్‌స్ట్ ఐఎస్‌ఓను (ఇన్‌స్టాలర్ సీడీ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండే ఇమేజ్) ఒక ఫోల్డర్‌లోకి విప్పి, ఆ ఫైల్‌ని అందులో పెట్టి, జెన్‌ఐఎస్‌ఓఇమేజ్ అనే టూల్‌తో మళ్లీ ఐఎస్‌ఓగా కట్టారు. వర్చువల్ మెషీన్‌లో సీడీగా తగిలిస్తే చక్కగా నడుస్తోంది. డీడీతో (ఇమేజ్‌ని బైట్‌కి బైట్ డిస్క్ మీద రాసే కమాండ్) పెన్‌డ్రైవ్‌లోకి రాస్తే మాత్రం సిస్టమ్ దాన్ని పట్టించుకోకుండా హార్డ్ డిస్క్‌లోని పాత విండోస్‌కి వెళ్లిపోతోంది. డెబియన్ వాళ్ల అసలు ఐఎస్‌ఓ రాస్తే అదే పెన్‌డ్రైవ్ బూట్ అవుతోంది. ఇదే కదా?

సూటిగా జవాబు: పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయించే సమాచారం ఐఎస్‌ఓలో ఏ ఫైల్‌లోనూ ఉండదు. అది ఇమేజ్ మొదట్లో, ఫైల్ సిస్టమ్‌కి బయట ఉంటుంది. మీరు ఫైళ్లు విప్పి మళ్లీ కట్టినప్పుడు ఫైళ్లన్నీ వచ్చాయి, ఆ భాగం రాలేదు. అందుకని విప్పి కట్టే పద్ధతి వదిలేయండి. ఎక్సారిసో అనే టూల్‌తో అసలు ఐఎస్‌ఓని తెరిచి, మీ ఫైల్ చేర్చి, బూట్ అమరికంతా ఉన్నదున్నట్టు కొత్త ఐఎస్‌ఓలోకి రాయించండి. టూల్ పేరు స్పెల్లింగ్ ఎక్స్-ఓ-ఆర్-ఆర్-ఐ-ఎస్-ఓ. డెబియన్, ఉబుంటు రెండింట్లోనూ అదే పేరుతో ప్యాకేజీ ఉంది. కమాండ్ వివరం కింద రాశాను. తొందరగా ఉంటే నేరుగా అక్కడికి వెళ్లండి. కానీ వీలుంటే కారణం కూడా చదవండి. అది తెలియకపోతే, రేపు యూఈఎఫ్‌ఐ (పాత బయోస్‌కి బదులు వచ్చింది) ఉన్న కొత్త సిస్టమ్‌లు వచ్చినప్పుడు మళ్లీ ఇక్కడే ఆగిపోతారు.

సీడీని బూట్ చేసే పద్ధతి వేరు, డిస్క్‌ని బూట్ చేసే పద్ధతి వేరు. సీడీ నుంచి బూట్ చేయడానికి ఫీనిక్స్, ఐబీఎం కలిసి 1995లో ఎల్ టొరిటో అనే స్పెసిఫికేషన్ ఇచ్చాయి. సీడీ ఫైల్ సిస్టమ్ అయిన ఐఎస్‌ఓ 9660లో ఒక్కో సెక్టర్ 2048 బైట్లు. 16వ సెక్టర్ నుంచి వాల్యూమ్ వివరాలు మొదలవుతాయి. 17వ సెక్టర్‌లో ఎల్ టొరిటో రికార్డ్ ఉంటుంది. బయోస్ (సిస్టమ్ ఆన్ కాగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్, అంటే ఫర్మ్‌వేర్) దాన్ని చదివి, అది చూపించిన బూట్ కేటలాగ్‌కి వెళ్లి, కేటలాగ్ చూపించిన ప్రోగ్రామ్‌ని మెమరీలోకి ఎక్కిస్తుంది. డెబియన్ 12లో ఆ ప్రోగ్రామ్ ఐసోలినక్స్.

పెన్‌డ్రైవ్ విషయంలో బయోస్‌కి ఇదంతా పట్టదు. దానికి పెన్‌డ్రైవ్ అంటే హార్డ్ డిస్కే. మొదటి 512 బైట్లు చదువుతుంది, చివరి రెండు బైట్లు హెక్సాడెసిమల్‌లో 55, ఏఏ అవునో కాదో చూస్తుంది, అయితే ఆ కోడ్‌ని నడుపుతుంది. ఆ 512 బైట్లనే ఎంబీఆర్ అంటాం. 446వ బైట్ నుంచి నాలుగు ఎంట్రీల పార్టిషన్ టేబుల్ ఉంటుంది, ఒక్కోటి 16 బైట్లు.

ఇక్కడ మనకు కలిసొచ్చిన విషయం ఒకటుంది. ఐఎస్‌ఓ 9660 మొదటి 16 సెక్టర్లను, అంటే 32,768 బైట్లను, తను వాడుకోదు. సిస్టమ్ ఏరియా అని పేరు పెట్టి వదిలేసింది. సీడీగా చదివే ఫర్మ్‌వేర్ అటు చూడదు, డిస్క్‌గా చదివే ఫర్మ్‌వేర్ అక్కడే చూస్తుంది. కాబట్టి ఆ ఖాళీలో ఎంబీఆర్ పెడితే ఒకే ఇమేజ్ రెండు రకాలుగానూ బూట్ అవుతుంది. సిస్‌లినక్స్ (ఐసోలినక్స్ దానిలో భాగమే) రాసిన హెచ్. పీటర్ యాన్విన్ 2008లో ఐసోహైబ్రిడ్ పేరుతో ఈ పని చేసే టూల్ ఇచ్చారు. ఈ రోజు లినక్స్ డిస్ట్రోలు ఇచ్చే ఐఎస్‌ఓలు దాదాపు అన్నీ ఈ కుటుంబానివే. వీటినే హైబ్రిడ్ ఐఎస్‌ఓలు అంటారు.

ఆ ఎంబీఆర్ కోడ్ చేసే పని చాలా చిన్నది. ఐసోలినక్స్ ప్రోగ్రామ్ ఇమేజ్‌లో ఏ బ్లాక్‌లో ఉందో ఆ నంబర్ 432వ బైట్ దగ్గర రాసి ఉంటుంది. కోడ్ ఆ నంబర్ చూసి, అక్కడి నుంచి ఐసోలినక్స్‌ని ఎక్కించి, పని దానికి అప్పగిస్తుంది. ఇది గుర్తుంచుకోండి, ఎందుకంటే ఇంటర్నెట్‌లో ఒక సలహా తరచూ కనిపిస్తుంది: పాత ఐఎస్‌ఓలోని మొదటి 512 బైట్లు డీడీతో కోసి కొత్తదాని మీద అతికించమని. అలా చేయకండి. కొత్తగా కట్టిన ఇమేజ్‌లో ఐసోలినక్స్ వేరే బ్లాక్‌కి జరిగి ఉండవచ్చు. ఎంబీఆర్ పాత నంబర్ దగ్గరికే వెళ్తుంది, అక్కడ ఇంకేదో ఫైల్ ముక్క ఉంటుంది, నల్ల స్క్రీన్ మీద కర్సర్ మెరుస్తూ నిలబడిపోతుంది. పార్టిషన్ సైజులు కూడా కొత్త ఇమేజ్‌తో సరిపోవు.

ఈ మొదటి బైట్లలో ఒక సొగసైన పని ఉంది, చెప్పకుండా ఉండలేను. పాత ఆపిల్ మ్యాక్‌ల పార్టిషన్ మ్యాప్ కూడా డిస్క్ మొదటి బైట్ నుంచే మొదలవ్వాలి, అదీ ఈ, ఆర్ అనే రెండు అక్షరాలతో. ఎంబీఆర్ కోడ్ కూడా అదే మొదటి బైట్ నుంచే నడవాలి. ఇద్దరికీ చోటు ఒకటే. అయితే ఈ, ఆర్ అనే అక్షరాల విలువలను ఇంటెల్ ప్రాసెసర్ ఆదేశాలుగా చదివితే ఒక రిజిస్టర్‌కి ఒకటి కలపడం, ఇంకో రిజిస్టర్‌ని స్టాక్‌లో పెట్టడం అవుతాయి. వాటివల్ల బూట్‌కి ఏ నష్టమూ లేదు. దాని తర్వాతి బైట్లనూ అలాగే ఎంచుకున్నారు. మ్యాక్‌కి అది మ్యాప్, పీసీకి అది ప్రోగ్రామ్. తక్కువ చోటులో ఇంత శ్రద్ధగా చేసిన పని చూసినప్పుడల్లా నాకు గౌరవం పెరుగుతుంది.

ఇప్పటిదాకా చెప్పింది బయోస్ గురించే. యూఈఎఫ్‌ఐ వచ్చాక ఇంకో రెండు దారులు తోడయ్యాయి. యూఈఎఫ్‌ఐకి ఎంబీఆర్ కోడ్ అక్కర్లేదు. దానికి ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ ఒకటి కావాలి, అందులో ఈఎఫ్‌ఐ ఫోల్డర్, దానిలో బూట్ ఫోల్డర్, దానిలో 64 బిట్ పీసీలకైతే బూట్‌ఎక్స్64 అనే ఫైల్ ఉండాలి. సీడీగా చదివేటప్పుడు ఆ ఫ్యాట్ ఇమేజ్‌ని ఎల్ టొరిటో కేటలాగ్‌లో ఈఎఫ్ అనే ప్లాట్‌ఫామ్ నంబర్ ఉన్న రెండో ఎంట్రీ ద్వారా కనుక్కుంటుంది. పెన్‌డ్రైవ్‌గా చదివేటప్పుడు పార్టిషన్ టేబుల్‌లో ఈఎఫ్ టైప్ ఉన్న పార్టిషన్ ద్వారా కనుక్కుంటుంది. డెబియన్ ఐఎస్‌ఓలో బూట్ ఫోల్డర్‌లోని గ్రబ్ ఫోల్డర్‌లో ఈఎఫ్‌ఐ డాట్ ఐఎంజీ అనే ఫైల్ కనిపిస్తుంది చూడండి, ఆ ఫ్యాట్ ఇమేజ్ అదే. సీడీ కేటలాగ్ చూపించేదీ, పార్టిషన్ టేబుల్ చూపించేదీ ఆ ఒక్క ఫైల్‌నే. అంటే ఐఎస్‌ఓ ఫైల్ సిస్టమ్ లోపల మామూలు ఫైల్‌లా కనిపించేదే, బయటి నుంచి చూస్తే ఒక పార్టిషన్ కూడా.

కాబట్టి ఒక ఇన్‌స్టాలర్ ఇమేజ్ నాలుగు గుమ్మాలున్న ఇల్లు అనుకోండి: బయోస్-సీడీ, బయోస్-పెన్‌డ్రైవ్, యూఈఎఫ్‌ఐ-సీడీ, యూఈఎఫ్‌ఐ-పెన్‌డ్రైవ్. మీరు ఇచ్చిన జెన్‌ఐఎస్‌ఓఇమేజ్ కమాండ్‌లో ఐసోలినక్స్ ఒక్కటే ఉంది. అది మొదటి గుమ్మం మాత్రమే పెట్టింది. మీ వర్చువల్ మెషీన్ కూడా బయోస్ మోడ్‌లో, సీడీతోనే నడిచింది కాబట్టి అంతా బాగున్నట్టు అనిపించింది. ఆ టూల్ వచ్చిన సీడీఆర్‌కిట్‌కి చాలా ఏళ్లుగా కొత్త విడుదలలు లేవు. ఈ పనికి దాన్ని వాడే అవసరం ఇప్పుడు లేదు.

ఇక చేయాల్సిన పని. నేను ఎప్పుడూ మొదట ఎంచుకునే పద్ధతి ఇది. ఎక్సారిసోకి ఇన్‌డెవ్ ఆప్షన్‌తో అసలు డెబియన్ ఐఎస్‌ఓ ఇవ్వండి, అవుట్‌డెవ్ ఆప్షన్‌తో కొత్త ఐఎస్‌ఓ పేరు ఇవ్వండి. మ్యాప్ ఆప్షన్‌తో మీ దగ్గరున్న ప్రీసీడ్ ఫైల్ పేరు, ఆ తర్వాత ఐఎస్‌ఓలో అది ఉండాల్సిన చోటు ఇవ్వండి. మార్చిన మెనూ ఫైళ్లకీ మ్యాప్ ఆప్షనే, ఒక్కో ఫైల్‌కి ఒక్కోసారి. చివర్లో బూట్‌ఇమేజ్ ఆప్షన్ (బూట్, ఇమేజ్ మధ్య అండర్‌స్కోర్ ఉంటుంది), దాని తర్వాత ఎనీ, రీప్లే అనే రెండు మాటలు. ఈ రీప్లేయే అసలు పని చేసేది. పాత ఇమేజ్‌లో ఏ బూట్ ఎంట్రీలు ఉన్నాయి, సిస్టమ్ ఏరియాలో ఏముంది, ఏ పార్టిషన్ ఎక్కడుంది అని చూసి, కొత్త ఇమేజ్‌లో ఫైళ్లు కూర్చున్న కొత్త చోట్లకి తగ్గట్టు అన్నిటినీ మళ్లీ రాస్తుంది. నాలుగు దారులూ మిగులుతాయి. కొత్త ఐఎస్‌ఓ పేరుతో ఇంతకుముందు ప్రయత్నాల ఫైల్ ఏదైనా ఉంటే ముందు తీసేయండి, ఎక్సారిసోకి ఖాళీ చోటు కావాలి.

ఫోల్డర్‌గా విప్పి చాలా ఫైళ్లు మార్చాల్సి ఉంటే రెండో పద్ధతి. అసలు ఐఎస్‌ఓ నుంచి మొదటి 432 బైట్లు మాత్రమే డీడీతో ఒక ఫైల్‌లోకి తీసుకోండి. 432 ఎందుకంటే అక్కడిదాకా ఉన్నది మారని కోడ్. ఆ తర్వాతున్న బ్లాక్ నంబర్, డిస్క్ గుర్తు, పార్టిషన్ టేబుల్‌లను ఎక్సారిసో కొత్తగా లెక్కగట్టి రాస్తుంది. దాన్ని యాజ్ ఎంకేఐసోఎఫ్‌ఎస్ అనే మోడ్‌లో నడిపి, ఐసోహైబ్రిడ్-ఎంబీఆర్ ఆప్షన్‌కి ఈ 432 బైట్ల ఫైల్ ఇవ్వాలి. ఐసోలినక్స్‌కి బూట్-లోడ్-సైజ్ 4, బూట్-ఇన్ఫో-టేబుల్, నో-ఎముల్-బూట్ మూడూ ఉండాలి. తర్వాత ఎల్‌టొరిటో-ఆల్ట్-బూట్ పెట్టి, ఈ అనే ఆప్షన్‌తో ఈఎఫ్‌ఐ ఇమేజ్ చూపించి, మళ్లీ నో-ఎముల్-బూట్, ఆపైన ఐసోహైబ్రిడ్-జీపీటీ-బేస్‌డ్యాట్ పెట్టాలి. ఈ చివరి ఆప్షన్ మర్చిపోతే యూఈఎఫ్‌ఐ-పెన్‌డ్రైవ్ దారి మూసుకుపోతుంది, మిగతా మూడూ పనిచేస్తాయి. అలాంటి ఇమేజ్ చాలా రోజులు ఎవరి కంటా పడకుండా తిరుగుతుంది, కొత్త ల్యాప్‌టాప్ వచ్చిన రోజు బయటపడుతుంది.

ఇన్ని ఆప్షన్లు గుర్తుపెట్టుకోవాలా అంటే, అక్కర్లేదు. ఎక్సారిసోకి అసలు ఐఎస్‌ఓని ఇచ్చి రిపోర్ట్-ఎల్-టొరిటో ఆప్షన్‌ని యాజ్-ఎంకేఐసోఎఫ్‌ఎస్ అనే మాటతో అడిగితే, ఆ ఇమేజ్‌ని మళ్లీ కట్టడానికి ఏ ఆప్షన్లు కావాలో అదే రాసి ఇస్తుంది. వేరే డిస్ట్రో ఐఎస్‌ఓ తీసుకున్నప్పుడు నేను మొదట చేసే పని ఇదే. డెబియన్ ఆప్షన్లు ఉబుంటుకి సరిపోవు. ఉబుంటు 20.10 నుంచి బయోస్ బూట్‌కి కూడా ఐసోలినక్స్ వదిలేసి గ్రబ్ అనే బూట్‌లోడర్ వాడుతోంది. పాత ట్యుటోరియల్ చూసి ఐసోలినక్స్ ఫోల్డర్ కోసం వెతికితే దొరకదు.

మీరు ఫోల్డర్‌లోకి విప్పారు కాబట్టి ఇంకో హెచ్చరిక. డెబియన్ ఐఎస్‌ఓలో డాట్‌తో మొదలయ్యే డిస్క్ అనే ఫోల్డర్ ఒకటి దాగి ఉంటుంది. స్టార్ గుర్తుతో కాపీ చేస్తే అది రాదు. డెబియన్ ఇన్‌స్టాలర్ బూట్ అయ్యాక తన సొంత మీడియా ఎక్కడుందో వెతికేటప్పుడు ఆ ఫోల్డర్‌లోని ఇన్ఫో ఫైల్‌ని చూస్తుంది. అది లేకపోతే బూట్ మెనూ వస్తుంది, కెర్నల్ ఎక్కుతుంది, అన్నీ అయ్యాక ఇన్‌స్టలేషన్ మీడియా కనిపించడం లేదని ఆగిపోతుంది. చాలామంది దీన్ని బూట్ సమస్య అనుకుని ఎంబీఆర్‌తో కుస్తీ పడుతుంటారు. మెనూ కనిపించిందంటే బూట్ అమరిక తన పని చేసేసినట్టే. అక్కడి నుంచి వచ్చే సమస్యకి కారణం వేరే చోట వెతకాలి. ఫెడోరా, రెడ్ హ్యాట్ కుటుంబంలో ఇదే సమస్య ఇంకో రూపంలో వస్తుంది. అక్కడ కెర్నల్ ఆప్షన్లలో వాల్యూమ్ లేబుల్ రాసి ఉంటుంది, ఆ లేబుల్ ఉన్న డిస్క్ కోసమే ఇన్‌స్టాలర్ వెతుకుతుంది. కొత్త ఐఎస్‌ఓకి మీరు ఇష్టమొచ్చిన లేబుల్ పెడితే ఎంతసేపు వెతికినా దొరకదు.

మెనూల సంగతి. ప్రీసీడ్ ఫైల్ ఎక్కడుందో కెర్నల్ ఆప్షన్లలో చెప్పడానికి మీరు మెనూ మార్చి ఉంటారు. డెబియన్ 12లో మెనూలు రెండు. బయోస్‌లో బూట్ అయితే ఐసోలినక్స్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైళ్లు, యూఈఎఫ్‌ఐలో అయితే గ్రబ్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైల్. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే ల్యాబ్‌లో సగం సిస్టమ్‌లు వాటంతట అవి ఇన్‌స్టాల్ అవుతాయి, మిగతా సగం భాష అడుగుతూ కూర్చుంటాయి. ప్రీసీడ్ పాడైందేమోనని టెన్షన్ పడకండి, ముందు రెండో మెనూ చూడండి. అలాగే ఐఎస్‌ఓలో ఎండీ5 జాబితా (ఫైళ్లు మారాయో లేదో సరిచూసే విలువలు) ఒకటి ఉంటుంది. మార్చిన ఫైళ్ల విలువలు అందులో కొత్తవి రాయకపోతే, మీడియా చెకింగ్ నడిపినప్పుడు తప్పు చూపిస్తుంది. ఇన్‌స్టలేషన్‌కి అడ్డేమీ కాదు, కానీ ఇమేజ్ వేరేవాళ్ల చేతికి ఇస్తున్నట్టయితే సరిచేసి ఇవ్వడం మర్యాద.

పార్టిషన్ టేబుల్‌ని ఎఫ్‌డిస్క్‌తో చూస్తే మీకు అనుమానం రావచ్చు, అందుకే ముందే చెబుతున్నాను. డెబియన్ ఐఎస్‌ఓ మీద ఎఫ్‌డిస్క్ లిస్ట్ కొడితే రెండు పార్టిషన్లు కనిపిస్తాయి. మొదటిది దాదాపు ఇమేజ్ మొత్తం, బూట్ గుర్తుతో, ఖాళీ టైప్‌తో ఉంటుంది. రెండోది దాని లోపలే, ఈఎఫ్ టైప్‌తో ఉంటుంది. ఒకదానిలో ఇంకొకటి ఉండటం మామూలు డిస్క్‌లో తప్పు. ఇక్కడ కావాలనే అలా పెట్టారు. మొదటి పార్టిషన్ ఇమేజ్‌ని బట్టి 0 దగ్గరో 64 దగ్గరో మొదలవుతుంది. 64 అయితే 512 బైట్ల లెక్కన సరిగ్గా 32,768 బైట్లు, అంటే సిస్టమ్ ఏరియా దాటాక అన్నమాట. అలా పెట్టినప్పుడు ఎక్సారిసో ఆ చోటు నుంచి లెక్కపెట్టిన రెండో డైరెక్టరీ వివరాలు కూడా రాస్తుంది కాబట్టి, పెన్‌డ్రైవ్ మొత్తాన్ని మౌంట్ చేసినా, మొదటి పార్టిషన్‌ని మౌంట్ చేసినా అవే ఫైళ్లు కనిపిస్తాయి.

జీపీటీ (ఎంబీఆర్ తర్వాత వచ్చిన కొత్త రకం పార్టిషన్ టేబుల్) వాడే ఇమేజ్‌లలో ఇంకో విషయం. జీపీటీకి ఎంబీఆర్ చోటు ఒక సెక్టర్, హెడర్ ఒక సెక్టర్, 128 ఎంట్రీలకి 32 సెక్టర్లు, మొత్తం 34. అంటే 17,408 బైట్లు. 32 కేబీల ఖాళీలో హాయిగా పడుతుంది. కానీ జీపీటీ తన నకలు డిస్క్ చివర్లో ఉండాలంటుంది. 700 ఎంబీ ఇమేజ్‌ని 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో రాస్తే ఆ నకలు ఇమేజ్ చివర్లో, అంటే డిస్క్ మొదటి భాగంలోనే ఉండిపోతుంది. పార్టెడ్ లాంటి టూల్స్ దీన్ని చూసి సరిచేయమంటారా అని అడుగుతాయి. వద్దనండి. బూట్‌కి అది అడ్డు రాదు.

ఇప్పుడు రాయడం గురించి. డీడీలో అవుట్‌పుట్‌గా పూర్తి డిస్క్ పేరు ఇవ్వాలి, ఎస్‌డీబీ అని. ఎస్‌డీబీ1 అని పార్టిషన్ పేరు ఇస్తే ఇమేజ్‌లోని ఎంబీఆర్ పార్టిషన్ లోపలికి వెళ్లి కూర్చుంటుంది, డిస్క్ మొదట్లో పెన్‌డ్రైవ్ పాత ఎంబీఆరే ఉంటుంది. మీ లక్షణాలు దీనికీ సరిపోతాయి. కానీ అసలు ఐఎస్‌ఓ అదే పద్ధతిలో బూట్ అయిందన్నారు కాబట్టి మీ తప్పు ఇక్కడ లేదు. రాసే ముందు ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి పేరు చూసుకోండి, అక్షరం తేడా వస్తే హార్డ్ డిస్క్ పోతుంది. రాయడం అయ్యాక సింక్ పూర్తయ్యేదాకా పెన్‌డ్రైవ్ లాగకండి. చవక పెన్‌డ్రైవ్‌ల మీద నాకు నమ్మకం తక్కువ. రాసిన వెంటనే ఐఎస్‌ఓ సైజు మేరకు సీఎంపీ కమాండ్‌తో పోల్చి చూస్తాను. వెంటనే అని ఎందుకంటున్నానంటే, మధ్యలో విండోస్ సిస్టమ్‌కి తగిలిస్తే అది ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో తన ఫోల్డర్ ఒకటి రాసేయవచ్చు, అప్పుడు పోలిక తప్పుతుంది.

విండోస్ నుంచి రాసేవాళ్లు ఎక్కువగా రూఫస్ వాడతారు. హైబ్రిడ్ ఐఎస్‌ఓ ఇస్తే అది ఐఎస్‌ఓ మోడ్‌లో రాయాలా, డీడీ మోడ్‌లో రాయాలా అని అడుగుతుంది. మీరు కట్టిన ఇమేజ్‌ని పరీక్షించడానికైతే డీడీ మోడ్ మాత్రమే ఎంచుకోండి. ఐఎస్‌ఓ మోడ్‌లో రూఫస్ ఫైళ్లను ఫ్యాట్32లోకి కాపీ చేసి, బూట్ అమరిక తనే పెడుతుంది. అలా బూట్ అయిందంటే రూఫస్ పని బాగుందని తెలుస్తుంది, మీ ఇమేజ్ సంగతి తెలియదు. వెంటాయ్‌లో (పెన్‌డ్రైవ్‌లో ఐఎస్‌ఓ ఫైల్‌ని అలాగే ఉంచి, తన సొంత బూట్ అమరికతో నడిపే టూల్) పెట్టి నడిపినా అంతే. ఒక శిక్షణ కేంద్రం వాళ్లు తమ ఇమేజ్ బ్రహ్మాండంగా ఉందని, ఊళ్లలో ఉన్న బ్రాంచీలకి పంపితే ఎవరికీ బూట్ అవ్వడం లేదని నా దగ్గరికి వచ్చారు. తమ ఆఫీసులో పరీక్ష అంతా వెంటాయ్‌లో చేశారు. బ్రాంచీల్లో డీడీతో రాశారు. ఇమేజ్‌లో ఎంబీఆరే లేదు.

రాసిన పెన్‌డ్రైవ్‌ని విండోస్‌లో పెడితే ఫార్మాట్ చేయమని అడుగుతుంది, లేదా కొన్ని ఎంబీల చిన్న డ్రైవ్ మాత్రమే చూపిస్తుంది. పెన్‌డ్రైవ్ పాడైనట్టు కాదు. పని అయిపోయాక మామూలుగా వాడుకోవాలంటే లినక్స్‌లో వైప్‌ఎఫ్‌ఎస్‌తో, విండోస్‌లో డిస్క్‌పార్ట్‌లోని క్లీన్‌తో పాత గుర్తులు తుడిచి కొత్తగా పార్టిషన్ చేసుకోండి. క్లీన్ కొట్టే ముందు డిస్క్ నంబర్ రెండుసార్లు చూసుకోండి.

పాత సిస్టమ్‌ల సంగతి చెప్పాలి, ల్యాబ్ అన్నారు కాబట్టి. కొన్ని పాత బయోస్‌లు పార్టిషన్ టేబుల్‌లో బూట్ గుర్తు ఉన్న ఎంట్రీ ఒక్కటైనా లేకపోతే పెన్‌డ్రైవ్‌ని బూట్ జాబితాలో కూడా చూపించవు. ఒక పాలిటెక్నిక్‌లో సరిగ్గా ఇదే జరిగింది. గ్రబ్‌తో కట్టిన జీపీటీ ఇమేజ్, కొత్త సిస్టమ్‌లన్నిట్లో నడిచేది, పాత డెస్క్‌టాప్‌ల వరుసలో ఒక్కదానిలోనూ కనిపించేది కాదు. ఎక్సారిసోలో ఎంబీఆర్-ఫోర్స్-బూటబుల్ అనే ఆప్షన్ సరిగ్గా ఇలాంటి వాటికే ఉంది. అసలు పార్టిషన్‌లని ముట్టుకోకుండా, ఒక బ్లాక్ సైజున్న ఉత్తుత్తి ఎంట్రీ పెట్టి దానికి బూట్ గుర్తు ఇస్తుంది. ఆ ఆప్షన్‌తో మళ్లీ కట్టాక ఆ వరుస అంతా లేచింది. మీ డెబియన్ ఇమేజ్‌కి ఇది అక్కర్లేదు, రీప్లే చేస్తే బూట్ గుర్తు ఎలాగూ వస్తుంది.

కొత్త సిస్టమ్‌లలో సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్ ప్రోగ్రామ్‌లనే నడవనిచ్చే రక్షణ) చూసుకోవాలి. డెబియన్ 10 నుంచి సంతకం చేసిన షిమ్ (గ్రబ్ కంటే ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్), గ్రబ్ ఆ ఈఎఫ్‌ఐ ఇమేజ్‌లోనే వస్తున్నాయి. అసలు ఫైల్‌ని అలాగే ఉంచితే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా ఇబ్బంది లేదు. గ్రబ్-ఎంకేరెస్క్యూతో మీరే సొంతంగా తయారు చేస్తే ఆ సంతకం పోతుంది, ప్రతి సిస్టమ్ సెటప్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపాలి. ల్యాబ్ మొత్తానికి ఆ పని ఎవరు చేస్తారు? అందుకే ఈఎఫ్‌ఐ ఇమేజ్ జోలికి వెళ్లొద్దంటాను. ఇంకో కారణం కూడా ఉంది. ఎల్ టొరిటో కేటలాగ్‌లో ఇమేజ్ సైజు రాసే గడి 16 బిట్లే, 512 బైట్ల లెక్కలో. అంటే సుమారు 32 ఎంబీ దాటి రాయలేరు. దాన్ని దాటిన ఈఎఫ్‌ఐ ఇమేజ్ పెన్‌డ్రైవ్‌లో బాగానే నడిచి, సీడీగా పెట్టినప్పుడు కొన్ని సిస్టమ్‌లలో మొరాయించవచ్చు.

మీ ప్రశ్న కింద ఇంకొకరు విండోస్ ఐఎస్‌ఓకి కూడా ఇలాగే చేయవచ్చా అని అడిగారు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఐఎస్‌ఓ హైబ్రిడ్ కాదు. దాన్ని డీడీతో రాస్తే బూట్ అవ్వదు. ఫైళ్లను ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయాలి. అందులో ఇన్‌స్టాల్ డాట్ విమ్ అనే ఫైల్ తరచూ 4 జీబీ దాటుతుంది, ఫ్యాట్32లో అంత పెద్ద ఫైల్ పట్టదు. విండోస్‌లో డిజమ్‌తో గానీ లినక్స్‌లో విమ్‌లిబ్‌తో గానీ దాన్ని ముక్కలు చేసి పెట్టాలి, లేదా రూఫస్‌కి వదిలేయాలి. ఓపెన్‌బీఎస్‌డీ, ఫ్రీబీఎస్‌డీల పద్ధతి వేరు. వాళ్లు సీడీకి ఐఎస్‌ఓ, పెన్‌డ్రైవ్‌కి విడిగా ఐఎంజీ ఫైల్ ఇస్తారు. దేనికి అది దించుకోవడమే.

పెన్‌డ్రైవ్‌లోకి రాయడానికి ముందే క్యూఈఎంయూ అనే వర్చువల్ మెషీన్ టూల్‌లో నాలుగు దారులూ పరీక్షించండి. సీడీరామ్ ఆప్షన్‌తో ఒకసారి, యూఎస్‌బీ-స్టోరేజ్ డివైస్‌గా తగిలించి ఒకసారి. ఈ రెండూ మామూలు బయోస్‌తో ఓసారి, ఓవీఎంఎఫ్ అనే యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్‌తో ఓసారి. యూఎస్‌బీగా తగిలించేటప్పుడు ఫార్మాట్ రా అని చెప్పండి, స్నాప్‌షాట్ ఆప్షన్ కూడా పెట్టండి, ఇమేజ్ మీద ఏమీ రాయకుండా ఉంటుంది. ప్రతిసారీ మీ మెనూ వచ్చి, ప్రీసీడ్ అందుకుని, డిస్క్ పార్టిషన్ మెట్టు దాకా వెళ్తే చాలు.

ఇంత చేసినా ల్యాబ్‌లో ఏదైనా సిస్టమ్ మొండికేస్తే, ఎక్సారిసోతో కొత్త ఐఎస్‌ఓ ఇచ్చి రిపోర్ట్-ఎల్-టొరిటో, రిపోర్ట్-సిస్టమ్-ఏరియా రెండూ ప్లెయిన్ అనే మాటతో అడిగి, వచ్చింది మొత్తం ఇక్కడ పెట్టండి. అసలు డెబియన్ ఐఎస్‌ఓకి కూడా అదే చేసి పక్కన పెట్టండి. ఎల్ టొరిటో భాగంలో బయోస్‌కి ఒకటి, యూఈఎఫ్‌ఐకి ఒకటి ఎంట్రీలు ఉండాలి. సిస్టమ్ ఏరియా భాగంలో ఐసోహైబ్రిడ్ అనే మాట, ఈఎఫ్ టైప్ పార్టిషన్ కనిపించాలి. బ్లాక్ నంబర్లు రెండింట్లో వేరుగా ఉండటం మామూలే. వరుసల్లో ఏదైనా ఒకటి కొత్తదానిలో లేకపోతే సమస్య అక్కడే. ఆ సిస్టమ్ మోడల్, సెటప్‌లో బూట్ మోడ్ బయోస్‌లో ఉందా యూఈఎఫ్‌ఐలో ఉందా అన్నది కూడా రాయండి, చూసి చెబుతాను.